ఎవరూ తొడుక్కోని ఎనిమిది

ఆ రోజుల్లో నాకు కుదురుగా కూర్చోవడం చేతనయ్యేది కాదు. కూర్చుంటే ఎవరో నన్ను దాటి వెళ్లిపోతారని భయం. రహమత్ నగర్ గదిలో తెల్లారకముందే లేచి, టీ కూడా నిలబడే తాగి, ఫిల్మ్ నగర్‌లోని మా ఆఫీసుకు వాచ్‌మన్ కంటే ముందు చేరేవాణ్ణి. (తాళం ఆయన దగ్గరుండేది కాబట్టి ముందు చేరి చేసేదేమీ లేదు. అయినా చేరేవాణ్ణి.) అసిస్టెంట్ డైరెక్టర్లలో నేను ఆఖరివాణ్ణి. నా ఆశల్లా ఒక్కటే, క్లాప్ బోర్డు నా చేతికి రావాలి. క్లాప్ కొట్టేవాడు కెమెరా పక్కన ఉంటాడు, డైరెక్టరుగారి మానిటర్‌లోకి తొంగి చూడగలుగుతాడు, పని నేర్చుకుంటాడు. మిగతావాళ్లం ఎండలో జనాన్ని అదిలిస్తూ ఉంటాం. ఈసారి క్లాప్ నీదేనని మా గురువుగారు, అంటే మా డైరెక్టరుగారు, మాటిచ్చారు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు.

అది బేస్‌బాల్ సినిమా. క్రికెట్ మీద అందరూ తీసేశారని గురువుగారు దీన్ని పట్టుకున్నారు. యూనిట్‌లో ఆ ఆట ఆడినవాడు ఒక్కడూ లేడు, అందరం ఫోనుల్లో వీడియోలు చూసి పండితులమైపోయాం. జూబ్లీ హిల్స్‌లో ఒక స్కూలు మైదానం అద్దెకు తీసుకున్నారు. జట్టుకు తొమ్మిదిమంది కాబట్టి మా కాస్ట్యూమ్స్ అన్న ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలేసి జెర్సీలు కుట్టించాడు. (అసలు ఆటలో ఇంకా పెద్ద అంకెలు కూడా వేసుకోవచ్చట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.) వాటిని పంచే పని నాకు అప్పగించారు. తొమ్మిది ముందే హీరోగారికి వెళ్లిపోయింది. ఆయన కారు నంబరు, ఫోను నంబరు, చివరికి ఇంటి మెట్లు కూడా కూడితే తొమ్మిదే రావాలి. మిగతావి జట్టు కుర్రాళ్లు పప్పుబెల్లాల్లా పంచుకున్నారు, ఎనిమిది తప్ప. ఎనిమిది శనిది కదా. ఒకతనికి పెళ్లి సంబంధం ఖాయమయ్యేలా ఉందట. ఇంకొకతను కొత్త బండి కొన్నాడట. చివరికి మిగిలిన అతను జెర్సీని బుద్ధిగా మడిచి నా చేతిలో పెట్టి, ఇవాళ తనకు పని వద్దని చెప్పి వెళ్లిపోయాడు. అంకె మార్పిద్దామంటే ఎండ ముదిరిపోతోందని కెమెరామన్ తొందరపెడుతున్నాడు.

నేను నోరు మూసుకుని ఉంటే ఏదో ఒకటి జరిగేది. ఉండలేక అందరికీ వినపడేలా క్లాసు పీకాను. శని ఎక్కడో ఆకాశంలో తన పని తాను చూసుకుంటున్నాడని, ఫిల్మ్ నగర్ జెర్సీలు లెక్కపెట్టేంత తీరిక ఆయనకు లేదని చెప్పాను. గురువుగారు మానిటర్ మీదనుంచి తల తిప్పకుండానే విన్నారు.

"నీకు పట్టింపు లేదుగా, నువ్వు తొడుక్కో," అన్నారు.

ఒక్క షాటేగా అనుకున్నాను. కాస్ట్యూమ్స్ అన్న జెర్సీ నా తల మీదుగా దించుతూ జాలిగా చూశాడు. "ఒక్కసారి ఫ్రేముల పడ్డవంటే అయిపాయె తమ్మీ. కంటిన్యూటీ ఉంటది. మ్యాచ్ అయ్యేదాంక నువ్వు ఎనిమిదే," అన్నాడు. అప్పటికే క్లాప్ బోర్డు నిర్మాతగారి మేనల్లుడి చేతిలో ఉంది. దాన్ని తలకిందులుగా పట్టుకుని సెల్ఫీ తీసుకుంటున్నాడు.

ఇక నా బాధ చూడాలి. మైదానం అవతలి చివర, చేతికి పెద్ద తోలు గ్లవ్ తగిలించుకుని, రాని బంతి కోసం నిలబడాలి. దూరంగా మానిటర్ చుట్టూ తలలన్నీ ఒక్కచోట చేరేవి. అక్కడ ఏం మాట్లాడుకుంటున్నారో, షాటు ఎందుకు మార్చారో, అంతా నాకు తెలియకుండానే జరిగిపోతోందని ప్రాణం కొట్టుకునేది. కట్ అనగానే పరుగెత్తేవాణ్ణి. సగం దూరం వచ్చేసరికి మైకులో "ఎనిమిదీ, నీ ప్లేసుకు పో" అని వినపడేది. టీ ఇచ్చేవాళ్లు కూడా నన్ను ఎనిమిదనే పిలిచేవాళ్లు. నా పేరు ఏమైపోయిందోనని నాకు నిజంగానే ఏడుపొచ్చేది.

ఆటలో సగం తీశాక, ఫిల్మ్ నగర్‌లో ఎడిటింగ్ రూముకు మమ్మల్ని రమ్మన్నారు. తెరమీద హీరోగారు గాల్లోకి ఎగిరారు. జట్టంతా నోళ్లు తెరిచి ఆకాశంలోకి, బంతి వైపు చూస్తోంది. వెనక ఎనిమిదో నంబరు మాత్రం మెడ సాచి నేరుగా కెమెరాలోకి చూస్తున్నాడు. తర్వాతి షాటులోనూ అంతే. ఆ తర్వాతదానిలో మరీ అన్యాయం, కెమెరా పక్కకు జరిగితే వాడు కూడా దాంతోపాటు తల తిప్పాడు. రేపు ఊరికి బస్సు ఎన్నింటికుందో ఆలోచించుకుంటున్నాను.

గురువుగారు వీడియో ఆపించి నావైపు తిరిగారు. "బంతి అటుంటే నువ్విటు చూస్తావేంట్రా?"

"మీరేం చేస్తున్నారోనని, సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నవ్వు ఆపుకోవడానికని నాకు అప్పుడు తెలియలేదు. "వీణ్ణి కెమెరా ముందుంచితే మనకే నష్టం. ఎనిమిదికి దెబ్బ తగిలినట్టు రేపొక షాటు తీసి పంపించేద్దాం. తర్వాత క్లాప్ వీడికివ్వండి," అన్నారు.

మర్నాడు బంతి తగిలి నేను పడిపోయాను. జట్టు కుర్రాళ్లు స్ట్రెచర్ మీద నన్ను మోసుకుపోతూ, శని గురించి ముందే చెప్పాం కదా అన్నట్టు గర్వంగా చూసుకున్నారు. కాదనే తీరిక నాకు లేదు. కెమెరా దాటగానే నేను దిగి క్లాప్ అందుకోవాలి.

ఇప్పుడు నేనూ డైరెక్టర్ని. సెట్లో నాకూ ఒక కుర్చీ ఉంది, వెనక నా పేరు కూడా ఉంది. గంటల తరబడి అందులోంచి లేవను. లేద్దామన్నా మోకాళ్లు వద్దంటాయి. మొన్న మధురానగర్‌లో మా ఇంట్లో టీవీలో ఆ సినిమా వస్తుంటే మా అమ్మాయి ఛానల్ మార్చబోయి ఆగింది. అది నన్ను గుర్తుపట్టలేదు, జుట్టు అంత ఉండేది మరి.

"నాన్నా, దెబ్బ తగిలినాయన స్ట్రెచర్ మీద నవ్వుతున్నాడేంటి?"

ఆ కుర్రాణ్ణి చూస్తే నాకు కొంచెం అసూయ వేసింది.

"పనిలోకి వెళ్తున్నాడమ్మా," అన్నాను.