గేటు దాటి పోయిన పాట

క్రిస్మస్‌కు ముందొచ్చే ఆగమన కాలమంటే ఎదురుచూడ్డమే అని మా పాస్టరు ప్రతి డిసెంబరూ చెప్తాడు. అదేందో ఆయనకంటే ముందు మా అమ్మ నాకు చూపించింది.

అప్పుడు మేము ఎమ్మిగనూరులో మగ్గాల సందులో ఉండేవాళ్లం. ఇంటింటికీ తిరిగి క్యారల్స్ పాడేవాళ్లు వస్తారని అమ్మ బొరుగులతో ఉగ్గాని చేసి, మూతపెట్టి, వాకిట్లో లైటేసుకొని కూర్చునేది. ఒక్క ఏడాదీ రాలేదు. గుంపును నడిపించే సంఘపెద్ద భార్య, "ఆ సందంతా మోరీ కంపు, ఆడికేం పోతాంలే" అనిందంట. అమ్మ ఆ చల్లారిన ఉగ్గాని మాకు పెట్టి, ఆదివారం గుడిలో ఆమెకే నవ్వుతా వందనాలు చెప్పేది. అట్ల ఎదురుచూస్తానే పోయింది.

ఇప్పుడు గుంపును నడిపించేది నేను. నిన్న సాయంత్రం ఆ సంఘపెద్ద భార్యే, ఇప్పుడు ముసలామె, ఆదోని నుంచి తెప్పించిన పెద్ద నక్షత్రం వెలిగించి, కుర్చీలు వేయించి, గేటు పట్టుకొని నిలబడింది.

"మా ఇంటికి రారామ్మా?" అని అడిగింది.

డోలక్ ఇంకా గట్టిగా వాయించమని చెప్పి ముందుకు నడిచినాను.

ప్రభువు వచ్చేలోపు మనసులో కసి కడుక్కోవాలని నాకూ తెలుసు. పండక్కి ఇంకా వారముంది. తొందరేం లేదు.