గాజు బిళ్ళల మీద మసి

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను మా ఊరు రావల్కోల్ నుంచి వెళ్ళి, శామీర్‌పేట దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఊడ్చే పని చేసేదాన్ని. అక్కడి ల్యాబులో ఒక అమ్మాయి పరిశోధన చేసేది. సూరారం పిల్ల. వాళ్ళ నాయిన ఫ్యాక్టరీలో కూలీ. విమానం ఇంజన్‌లో ఇంధనం మండితే ఎంత మసి పుడుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఆమె పని. ఆ లెక్క నిజమేనా అని చూసుకోవడానికి, అరువు తెచ్చిన చిన్న బర్నర్ మండించి, గాజు బిళ్ళలకు మసి పట్టించింది. ఇక వాటిని తూచాలి.

బిళ్ళల పక్కన, ముట్టుకోవద్దని రాసి ఒక కాగితం అంటించింది. నాకు అప్పుడు అక్షరాలు రావు. రావని ఎవరికీ చెప్పలేదు. కాగితం చూపిస్తే తల ఊపేదాన్ని. నల్లబడిన గాజు కనబడితే సబ్బుతో తళతళలాడేలా కడిగాను. ఆరబెడుతుంటే, ముందురోజు ఆమె ఊపిరి బిగబట్టి ఒక్కో బిళ్ళనూ పట్టకారుతో పెట్టడం గుర్తొచ్చింది. భయపడ్డాను. పని పోతుందని కాదు, చదువు రాదని తెలిసిపోతుందని. కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తి తెచ్చి, అన్నిటికీ మళ్ళీ మసి పట్టించి, ఉన్నచోటే పెట్టేశాను.

తూకం ఆమె లెక్కతో ఎక్కడా కలవలేదు.

"అక్కా, గీ బిళ్ళలు ఎవరన్న ముట్టిన్రా? మసి కనబడితే నీ చెయ్యి ఊకుండదు గదా, అందుకే అడుగుతున్న" అని నవ్వింది.

"నాకేం పని బిడ్డా? కాగితం అంటిచ్చినవ్ గదా, సదివిన" అన్నాను.

నమ్మింది.

బర్నర్ అప్పటికే వెనక్కి పోయింది. తన లెక్కే తప్పనుకుని నెలల తరబడి మళ్ళీ మళ్ళీ కట్టింది. నేను ఆమె కుర్చీ కింద ఊడుస్తూనే ఉన్నాను. ఆమె డబ్బాలో అన్నం ముట్టకుండా కంప్యూటర్ తెర వంక చూస్తూ కూర్చున్నప్పుడైనా నాకు నోరెందుకు రాలేదు? నా సిగ్గు ఆమె చదువు కంటే పెద్దదా? ఒకరోజు పుస్తకాలు సంచిలో సర్దుకుని వెళ్ళిపోయింది. "లెక్క రాని పిల్ల" అన్నాడు వాళ్ళ సారు. విన్నాను. ఊడ్చాను. ఇప్పుడు సూరారంలో ట్యూషన్లు చెబుతోందట.

తర్వాత మహిళా సంఘంలో అక్షరాలు నేర్చుకున్నాను.

క్షమించమని అడగను. ఆమె లెక్క ఒప్పో తప్పో చెప్పేంత చదువు నాకు లేదు. తప్పని ఆ బిళ్ళలు తమంతట తాము చెప్పలేదు, నేను చెప్పించాను. వాటి మీది మసి నా కొవ్వొత్తిది. రాసేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.