మూలకు మూల

మేస్త్రీ కొమురెల్లి కాలు ఒకచోట నిలవదు. ఎవరింటికి వెళ్లినా ఓ పక్కకు వంకరపోయిన మంచాన్ని మోకాలితో నెట్టి, మూలలు సరిచేశాకే కూర్చుంటాడు. హైదరాబాద్ రాష్ట్రం రద్దయిన ఏడు, హుజూరాబాద్‌లో రాజలింగు పటేలు కొత్త గదికి కొమురెల్లే నాలుగు మూలల మేకులు పాతాడు. పునాది ముహూర్తం దగ్గరపడుతున్నా వాటి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

"గిరగిర తిరుగుడు బంజెయ్యి మేస్త్రీ! నాలుగు దిక్కుల ఇరువై అడుగులే ఉన్నయ్ గద, ఇంకేం ఫికర్?" అన్నాడు రాజలింగు.

కొమురెల్లి మూల నుంచి ఎదురు మూలకు తాడు పట్టాడు. అదే తాడు మిగతా రెండు మూలల మధ్య జానెడు మిగిలింది. నాలుగు వైపులా కొలత ఒకటే అయినా మూలలు సరిగా లేవు, గది పక్కకు వాలింది. తను చెప్పకుంటే పటేలుకు ఎప్పటికీ తెలియదు. అయినా వంగి, మేకు పీకేశాడు.

"ముహూర్తం దాటిపోతదిరా!"

"తప్పు నాదే పటేలా. ముహూర్తం ఇంకోటి దొరుకుతది. గీ వంకర గదిల పుట్టినోళ్లు గిదే సక్కదనమనుకుంటరు."