నల్లబడ్డ పురుగులు

2014 వేసవిలో మాంచెస్టర్‌లో మాస్టర్స్ చేస్తున్న బాపట్ల పిల్ల సలోమికి ప్రాజెక్టు పేరుతో అప్పజెప్పింది హత్యలే. తేనెపట్టు మైనం తిని బతికే, వేలెడంత లేని పురుగును వెల్లకిలా నొక్కిపట్టి, వెనక కాలి మొదట్లో సూది గుచ్చి, చీము పుండ్లు పెట్టే బాక్టీరియాను ఎక్కించాలి. పురుగు మెలికలు తిరిగిపోతుంది. లోపల బాక్టీరియా విషం కక్కి కణాలకు చిల్లులు పొడుస్తుంది. పాలరంగు పురుగు బొగ్గవుతుంది. కొన్ని చిట్లి కారిపోతాయి కూడా.

ఆ బాక్టీరియాలో పిసరంత ఆర్‌ఎన్‌ఏ ఒకటుంది. అది ప్రోటీను చేయించే రకం కాదు. తోటి ఆర్‌ఎన్‌ఏలను పట్టుకుని, నువ్వు పని చెయ్యి, నువ్వు నోర్మూసుకో అని పెత్తనం చేసే రకం. దాన్ని తీసిపారేస్తే బాక్టీరియా చంపడం మానుతుందా? సలోమి తేల్చాల్సింది అదే.

మానలేదు. ఎన్నిసార్లు చేసినా పురుగులు చస్తూనే ఉన్నాయి. గాజుపళ్లెంలో పెంచి చూస్తే మాత్రం ఆ బాక్టీరియాలో విషం జాడే లేదు. విషం లేకుండా చావులేమిటన్నాడు ప్రొఫెసర్. ఇది తేలకపోతే పాసవడం కష్టమనీ చెప్పాడు.

పక్క బెంచీ సుహాస్‌ది వరంగల్. సలోమి మొహం చూసి దగ్గరికొచ్చాడు.

"సచ్చినయని ఎట్ల చూస్తున్నవ్?"

"నల్లబడగానే ఫ్రీజర్లో పెట్టేస్తన్నా."

"పొడిచి చూస్తలేవా? పొడిస్తే కదలకుంటేనే సచ్చినట్టు. నల్లబడుడంటే రోగంతోని కొట్లాడుతున్నట్టే."

"నల్లబడ్డాక ఇంకేం బతుకుతాయి? మా నాన్న కోడిని ఒక్క వేటుకే తెంపుతాడు. చచ్చేదాన్ని యాతన పెట్టకూడదంటాడు."

"మంచిగుంది. రోగం సంపకముందే నువ్వు సంపినవ్. పేరేమో బాక్టీరియాకొచ్చింది."

సలోమి కొత్త పురుగులు తెచ్చి మళ్లీ గుచ్చింది.

మర్నాడు ఇంక్యుబేటర్ తలుపు తీసింది. మామూలు బాక్టీరియా ఎక్కించినవి ముద్దముద్దగా కుళ్లి పడున్నాయి. ఆర్‌ఎన్‌ఏ తీసేసిన బాక్టీరియా ఎక్కించినవీ మసిగుడ్డల్లా నల్లగానే ఉన్నాయి. చెయ్యి అలవాటుగా ఆ పళ్లెం ఎత్తి ఫ్రీజర్ వైపు తిరిగింది. ఆగింది. బల్ల మీద పెట్టి, పళ్లు బిగించి, ఫోర్సెప్స్‌తో ఒకదాని నడుములో పొడిచింది.

పురుగు విల్లులా వంగి కొట్టుకుంది.

ఇంకోదాన్ని పొడిచింది. అదీ కొట్టుకుంది.

"ఏమైంది?" అన్నాడు సుహాస్.

"బతికున్నాయి," అంది సలోమి. "మరి నేను ఫ్రీజర్లో పెట్టినవన్నీ?"

సుహాస్ ఫ్రీజర్ వైపు చూశాడు. సలోమి ఇంకో పురుగును పొడిచింది, ఈసారి ఇంకాస్త గట్టిగా.