ఒక్క కబురుకు రెండు పిలుపులు

పడవల వాళ్ళకు గాలి హెచ్చరికలు పంపే చిన్న ఆఫీసు ఒకటి బందరులో ఉండేది. కొందరు బోటు యజమానులు కలిసి పెట్టుకున్నది. దాని గురించి పత్రికకు రాద్దామని నేను వెళ్ళిన రోజే మధ్యాహ్నానికి తూర్పున ఆకాశం నల్లబడింది.

చేపల వేటకు వెళ్ళేవాళ్ళు బయల్దేరేటప్పుడు ఒక మెసేజ్, తిరిగొచ్చాక ఇంకొకటి పెడతారు. ఎవరు సముద్రంలో ఉన్నారో ఆఫీసు కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌కు అలా తెలుస్తుంది. గాలి లేస్తుందంటే వాళ్ళకు మాత్రమే ఫోన్లు చేస్తుంది. ఫోన్ అందని పడవల పేర్లు పక్కగదిలో వైర్‌లెస్ దగ్గరున్న పెద్దాయనకు చేరతాయి. ఆయన దగ్గర్లోని పెద్ద బోట్లకు చెబుతాడు. ఇదివరకు ఫోన్‌లో అంకె నొక్కేవాళ్ళు, మెసేజ్ పద్ధతి ఆ వారమే వచ్చింది.

ఫోన్లు వెళ్తుండగా మార్కెట్లో చేపలమ్మే ఒకావిడ గబగబా లోపలికొచ్చింది.

"మా తమ్ముడికి చెప్పారా అండీ? పొద్దున్నే ఎదురుమొండి నుంచి వేటకెళ్ళాడు. నేను చేస్తుంటే కవరేజీ లేదంటంది."

పెద్దాయన పక్కగదిలోంచే తన తెర చూసి చెప్పాడు. "చేరినట్టుంది కదమ్మా ఇక్కడ. ఏ పాయలోనో పడవ కట్టేసి పడుకునుంటాడు మీవాడు."

"మావయ్యా, మా మరదలు అక్కడ రేవులోనే నిలబడుంది. అంత పడవ దానికి కనపడదా?"

"చేరిందన్న పడవ కోసం ఇంకో బోటుని గాల్లోకి తిప్పమంటావా? ఆళ్ళకీ పెళ్ళాం పిల్లలున్నారమ్మా."

ఆయన మాటలో తప్పేం లేదు. ఆ తమ్ముడు చేరానని చెప్పాడా లేదా అన్నది తేలాలి. ప్రోగ్రామ్ రాసిన అమ్మాయి అక్కడే కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది, రోజూ గుడివాడ నుంచి వచ్చి వెళ్తుంది. అతను పంపిన మెసేజ్ చూపించమని ఆమెను అడిగాను.

"ఉండదండీ. ప్రోగ్రామ్ దాన్ని చదువుకుని, ఫలితం రాసుకుని తీసేస్తుంది."

"ఒకసారి ఆపి చూస్తే?"

"ఆపితే ఎవరికి చేసిందో, ఇంకా ఎవరికి చెయ్యాలో మొత్తం మర్చిపోద్దండీ. నడుస్తుండగానే చూడాలి."

ప్రోగ్రామ్‌లో ఒక్కో పనికి ఒక్కో ముక్క ఉంటుందట. మెథడ్ అంటారు. ఒకటి ఇంకొకదాన్ని పిలుస్తూ పని సాగిస్తుంది. ఏ మెథడ్ దేన్ని ఎప్పుడు పిలిచిందో పక్కనుంచి కనిపెట్టి వరుసగా చూపించే ఏర్పాటును ఆ అమ్మాయి తగిలించింది. తెర మీద వరుసలు జలజలా దిగిపోయాయి, కంటికి ఆనలేదు.

"ఫోన్లు ఆగిపోయినియ్యమ్మాయ్!" పక్కగదిలోంచి కేక.

అమ్మాయి వెంటనే దాన్ని తీసేసింది. ప్రతి పిలుపునూ రాసిపెట్టే బరువుకు ప్రోగ్రామ్ చతికిలబడింది. కాసేపటికి ఫోన్లు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి రెండు మెథడ్‌ల మీదే నిఘా పెట్టింది. పడవ బయల్దేరిందని రాసేది ఒకటి, చేరిందని రాసేది ఒకటి. తన ఫోన్ నుంచి 'వేటకు వెళ్తున్నాం' అని పంపింది. ఒకే వరుస పడింది: బయల్దేరింది.

"బాగానే ఉంది కదా," అంది నీరసంగా. కిటికీ రెక్క గోడకు కొట్టుకుంది.

తర్వాత ఫోన్ ఆవిడ చేతికిచ్చింది. "అక్కా, మీ తమ్ముడు ఎలా పెడతాడో అలా పెట్టండి."

ఆవిడ చీరకు చెయ్యి తుడుచుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుని పంపింది. తెర మీద రెండు వరుసలు పడ్డాయి. బయల్దేరింది. ఆ వెనకే, చేరింది.

అమ్మాయి ఫోన్ లాక్కుని చూసింది. 'వేటకు వెళ్ళి వస్తాం.'

"వస్తాం అన్నారేంటక్కా?"

"మరి? సముద్రమ్మీదికి పోతా వెళ్తున్నామని ఊరుకుంటారా ఎవరన్నా?"

వెళ్ళడం కనిపించగానే ఒక మెథడ్, రావడం కనిపించగానే ఇంకోటి. ఒక్క కబురుకు రెండూ పలికాయి, రెండోది రాసిందే లెక్కలో మిగిలింది. ఆ అమ్మాయి కీబోర్డు ముందుకు లాక్కుంది. ఆ పొద్దున మెసేజ్ పెట్టిన పడవలన్నిటినీ సముద్రంలో ఉన్నట్టే మార్చేసింది. ఒడ్డునున్న వాళ్ళకు ఒక ఫోన్ ఎక్కువ వెళ్తుంది, అంతే. తమ్ముడికి ఫోన్ వెళ్ళింది, అందలేదు. పడవ పేరు పక్కగది తెర మీదికి వచ్చింది. పెద్దాయన మైకు అందుకున్నాడు.

ఒక బోటు వెనక్కి తిరిగింది. వాన మొదలైంది. ఆవిడ వైర్‌లెస్ పెట్టె మీదికి వంగి నిలబడింది, అందులో గరగర తప్ప ఏమీ లేదు. ఎంతసేపటికో ఆ బోటు నుంచి ఒక గొంతు తెగుతూ వచ్చింది.

"కనపడ్డాడండీ. నీళ్ళల్లో ఉన్న వల కోసి మా తాడందుకోరా అంటే కొయ్యనంటన్నాడు. కొత్త వలంట."

ఆవిడ మైకు దగ్గరికి దూసుకెళ్ళింది. "కొయ్యమనండి! కొయ్యకపోతే ఇంటికొచ్చాక అక్క చంపుద్దని చెప్పండి!"

మళ్ళీ గరగర. అమ్మాయి కుర్చీలోంచి లేచి వచ్చి ఆవిడ పక్కన నిలబడింది.

"కోశాడు," అంది గొంతు. "తిట్టుకుంటా వస్తన్నాడు."