కత్తెరమ్మ కోయని అధ్యాయం

పుస్తకాలు అచ్చువేసే ఆ ఆఫీసులో ఆమెను ఎదురుగా మేడం అనీ, వెనక కత్తెరమ్మ అనీ పిలిచేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా పట్టించుకునేది కాదు. ఇతరులు రాసిన పుస్తకాలు దిద్దడమే ఆమె పని. మూడో అంతస్తులో కిటికీ పక్కన బల్ల, బల్ల మీద అద్దం, అద్దం కింద కూతురి చిన్నప్పటి ఫొటో, చుట్టూ అచ్చుకి ముందు దిద్దాల్సిన ప్రూఫుల కట్టలు. ఎంత పేరున్న రచయితయినా ఆ బల్ల ముందు కూర్చున్నాక కొన్ని పేజీలు పోగొట్టుకోకుండా లేచేవాడు కాదు.

బాక్సింగ్ మాస్టారు వచ్చిన మొదటి రోజునే ఆ అద్దం పగిలింది.

యాభై దాటిన మనిషి. ముక్కు ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, ఎడమ చెవి నలిగిన కాగితంలా ముడుచుకుపోయి ఉంటుంది. తన జీవితకథ రాసుకుని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. మొదటి నలభై పేజీల నిండా ఆయన గెలిచిన పోటీలు, మెళ్లో పడిన పతకాలు. ఆమె ఎర్ర పెన్నుతో వాటిని అడ్డంగా కొట్టేసి, "ఇవి తీసేస్తున్నాను" అంది.

ఆయన పిడికిలి బల్ల మీద పడింది. కొట్టాలని కొట్టింది కాదు. నోట మాట రాని చోట ఆయన చెయ్యి మాట్లాడేది, అంతే. అద్దం ఈ మూల నుంచి ఆ మూలకి చీలింది. హాల్లో అందరూ తలలెత్తారు.

కత్తెరమ్మ కుర్చీలోంచి కదల్లేదు. పగిలిన అద్దం కిందనుంచి కూతురి ఫొటో మాత్రం లాగి పక్కన పెట్టుకుంది.

"అద్దం మార్పించండి," అంది. "పేజీలు మాత్రం మారవు."

ఆయన తన చెయ్యి వంక చూసుకుని సిగ్గుతో ముడుచుకుపోయాడు. మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని వచ్చి కొలతలు తీసుకుని, మధ్యాహ్నానికల్లా కొత్త అద్దం తనే మోసుకొచ్చి వేసి వెళ్లాడు.

పిడికిలి చప్పుడు ఆమెకు కొత్త కాదు. ఆమె మొగుడు మందుల షాపు నడిపేవాడు. షాపులో వెన్నపూసలాంటి మనిషని పేరు. ఇంటికొస్తే చెయ్యి ఆగేది కాదు. కాలర్ మీద మరక పోలేదని ఒకసారి, ఫోన్ ఎత్తడం ఆలస్యమైందని ఒకసారి. ఆమె చాలాకాలం ఓర్చుకుంది. ఒకరోజు పొద్దున అతను భోజనాల బల్ల మీదున్న ప్రూఫులన్నీ తీసుకెళ్లి బట్టలు నానబెట్టిన బకెట్లో ముంచాడు. ఇదేమిటని అడిగినందుకు ఆమె జుట్టు పట్టుకుని తల బీరువా తలుపుకేసి బాదాడు. రెండోసారి బాదబోతుంటే ఆమె చేతికి ఇస్త్రీపెట్టె దొరికింది. కూతురి స్కూలు బట్టల కోసం అప్పుడే వేడెక్కింది. దాన్ని అతని భుజానికి అదిమిపెట్టింది. చొక్కా, చర్మం కలిసి మాడిన వాసన ఇల్లంతా నిండింది. గుమ్మంలో కూతురు ఒక కాలికి సాక్సు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని నిలబడి చూస్తోంది.

ఆ పూటే కూతుర్ని తీసుకుని బయటికొచ్చేసింది. విడాకులైన తర్వాత ఆమెకు దక్కిన సుఖాల్లో ఒకటి, అతన్ని మీరు అనడం మానేసి నువ్వు అనడం. అతను కూడా మెత్తబడ్డాడు. ఆదివారాలు కూతుర్ని చూడ్డానికి వచ్చి, తలుపు బయటే నిలబడి బెల్లు కొట్టేవాడు.

మాస్టారి పుస్తకం దిద్దడానికి ఏడాది పట్టింది. ఆయన తిరగరాసి తెచ్చేవాడు, ఆమె కొట్టేసేది, ఆయన మళ్లీ రాసేవాడు. మధ్యలో టీలు, టీలతో పాటు కబుర్లు. రింగులో ఎవర్నయినా పడగొట్టేవాడేగాని, రింగు బయట చీమ మీద కూడా ఆయన చెయ్యెత్తడని ఆమెకు తెలిసొచ్చింది. ఒక సాయంత్రం బస్టాపు దాకా నడుస్తూ ఆయన ఆమె చేతిసంచి అందుకున్నాడు. తర్వాత ఆ సంచి ఎప్పుడూ ఆమె మోయలేదు. ఆమెను దగ్గరికి తీసుకునేటప్పుడు కూడా మేడం అనే పిలిచేవాడు. ఆమెకు నవ్వాగేది కాదు.

కూతురికి మాత్రం నవ్వు రాలేదు. అప్పటికి దానికి పదహారు.

"మళ్లీ కొట్టేవాణ్నే వెతుక్కున్నావా అమ్మా?" అంది.

"ఆయన కొట్టడే."

"ఆయన పనే అది."

"ఒకసారి వచ్చి చూడు."

చూడ్డానికి వెళ్లింది. మాస్టారు బాక్సింగ్ నేర్పే చోటు ఒక పాత టైర్ల గోదాము. మధ్యలో రింగు, ఎక్కడానికి ఇనుప మెట్టు, దూలాలకి వేలాడే ఇసుక బస్తాలు. మాస్టారు దాని చేతులకి గుడ్డపట్టీలు చుట్టి, "ఈ బస్తాలో నీకు కోపం ఉన్నవాళ్లెవరో ఒకరున్నారనుకో" అన్నాడు. ఆ పిల్ల చేతులు వాచేదాకా బస్తాని వదల్లేదు. మర్నాడు అమ్మ కంటే ముందే తయారై కూర్చుంది.

అసలు గొడవ ఏడో అధ్యాయంతో వచ్చింది. మాస్టారి చిన్నతనంలో తండ్రి తాగొచ్చి తల్లిని చావబాదేవాడు. ఒకరోజు తల్లి నోట్లోంచి నెత్తురు కారుతుంటే, పద్దెనిమిదేళ్ల అన్నయ్య పలుగు తీసుకుని తండ్రి తల మీద కొట్టాడు. పడిపోయినవాణ్ని ఇంకా కొడుతూనే ఉన్నాడు. మేడమెట్ల మీంచి జారిపడి చచ్చిపోయాడని పోలీసులకు చెప్పారు. చెప్పించింది తల్లి, చెప్పింది చిన్నోడు. ఆ చిన్నోడే మాస్టారు.

రాసి తెచ్చింది ఆయనే, తీసేద్దామన్నదీ ఆయనే. "వాడు బతికే ఉన్నాడు మేడం. పిల్లలున్నారు, మనవరాలుంది."

"పేరు వెయ్యొద్దు. కానీ ఇది తీసేస్తే పుస్తకం లేదు. మిగిలేవి మళ్లీ ఆ పతకాలే."

"ఇది ఎడిటర్‌గా చెప్తున్నావా, నా మనిషిగా చెప్తున్నావా?"

"ఎడిటర్‌గానే."

"నా మనిషిగా ఏమంటావు?"

ఆమె పేజీ తిప్పింది. అన్నీ కోసే కత్తెరమ్మ ఆ అధ్యాయంలో ఒక్క వాక్యం కొయ్యలేదు.

పుస్తకం వచ్చింది. పేపర్లు మెచ్చుకున్నాయి, మెచ్చుకున్న ప్రతి పేపరూ ఏడో అధ్యాయాన్నే ఎత్తి చూపించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, శిష్యులంతా వెళ్లిపోయాక గోదాములో ముగ్గురే ఉన్నారు. కూతురు గ్లవ్స్ విప్పేసి పట్టీలతో బస్తాని కొడుతోంది. తల్లి బెంచీ మీద ప్రూఫులు చూస్తోంది. మాస్టారు రింగు తాళ్లు బిగిస్తున్నాడు. అన్నయ్య లోపలికొచ్చాడు. లారీ షెడ్డులో వెల్డింగు పని ఆయనది, నిప్పురవ్వలకి ముంజేతులు మచ్చలు పడిపోయాయి. ఒక చేతిలో పుస్తకం, ఒక చేతిలో ఇనుప గొట్టం.

"ఇది నువ్వే రాశావా చిన్నోడా?"

"నేనే అన్నయ్యా. పేరు వెయ్యలేదు."

"నీకు ఎంతమంది అన్నయ్యలున్నార్రా, పేరు వెయ్యడానికి?" ఆయన గొంతు పెంచలేదు. "నా మనవరాలు చదివింది. తాతయ్యా, నువ్వు మీ నాన్నని చంపేశావా అనడిగింది. ఎనిమిదేళ్ల పిల్ల. ఏం చెప్పమంటావు?"

మాస్టారు తాళ్లు వదిలేసి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. గొట్టం ఆయన భుజం మీద పడింది.

"చేతులెత్తు. బాక్సరువి కదా, ఎత్తు."

మాస్టారు ఎత్తలేదు. రెండో దెబ్బ పక్కటెముకల మీద పడింది. మూడోది మోకాలి మీద పడేసరికి కూలబడ్డాడు. కూలబడ్డా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఆ చేతులతో ఎంతమందిని పడగొట్టాడో ఆయనకే లెక్క తెలియదు, అన్నయ్య మీదికి మాత్రం అవి లేవలేదు.

కత్తెరమ్మ పరుగెత్తుకెళ్లి అడ్డం పడింది. "రాయించింది నేను. నన్ను కొట్టు."

ఆయన ఆమెను చూశాడో లేదో, కొట్టేశాడు. ఆమె అడ్డం పెట్టిన చెయ్యి మోచేతి దగ్గర విరిగింది. విరిగిన చప్పుడు ముందు వినబడింది, నొప్పి తర్వాత వచ్చింది. గొట్టం మళ్లీ లేచింది.

అప్పుడు కూతురి గుద్దు ఆయన దవడ మీద పడింది. మాస్టారు నేర్పిన గుద్దే, పాదం మీంచి నడుము తిప్పి, ఒంట్లో బలమంతా పిడికిట్లోకి తెచ్చి కొట్టే గుద్దు. ఆయన వెనక్కి విరుచుకుపడ్డాడు. తల ఇనుప మెట్టు అంచుకి కొట్టుకుంది. గొట్టం దొర్లుకుంటూ గోడ దాకా పోయింది.

అంతటితో ఐపోతే వేరే సంగతి. ఆ పిల్ల ఆయన గుండెల మీద కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది. కుడి, ఎడమ, కుడి. పట్టీలు ఎర్రబడ్డాయి. ఆయన కాళ్లు కదలడం మానేశాయి, అయినా ఆపలేదు. ఎవర్ని కొడుతోందో దానికే తెలుసు. మాస్టారు నేల మీద పాక్కుంటూ వచ్చి దాని నడుం పట్టుకుని వెనక్కి లాగాడు.

ఆసుపత్రి వరండాలోకి కూతురి తండ్రి, మందుల షాపాయన, పరుగున వచ్చాడు. కూతురి చేతులు చూశాడు, అమ్మ చేతికి కట్టు చూశాడు. అన్నయ్య స్పృహలో లేడని, బతుకుతాడో లేదో రేపటిదాకా చెప్పలేమని డాక్టర్లు అన్నారు.

"జారి మెట్టు మీద పడ్డాడని చెప్పు," అన్నాడు ఆమెతో మందుల షాపాయన.

"పడ్డాక కొట్టిన దెబ్బలు కనబడవా?"

"పెనుగులాటలో తగిలాయని చెప్పు. అది చిన్నపిల్ల. దాని బతుకు నాశనం చేస్తావా?" కూతురి వైపు చూశాడు. "అది అలా తయారవ్వడానికి కారణం నేనే. నాకు తెలుసు. ఇప్పుడదంతా ఎందుకు?"

ఎస్సై వచ్చి అడిగాడు. కత్తెరమ్మ కళ్లు దించుకోకుండానే చెప్పింది. "జారి పడ్డాడండీ." వార్డులో మంచం మీదున్న మాస్టార్నీ అడిగాడు. ఆయన కళ్లు మూసుకుని, "అవును, జారాడు" అన్నాడు. బతుకులో ఆ మాట పోలీసులకు చెప్పడం ఆయనకది రెండోసారి.

కూతురు పక్కనే ఉండి విన్నది. ఇంటికొచ్చాక ఒక్క మాటే అంది.

"ఇదే పుస్తకంలో అయితే కొయ్యకుండా ఉంచేదానివి."

ఆ తర్వాత మాట్లాడ్డం మానేసింది. తిండి పెడితే తినేది, అడిగితే తలూపేది. వేళ్ల కణుపుల మీద పుండ్లు మానుతుంటే గోకి మళ్లీ రేపుకునేది. తల్లి ఆఫీసులో కూర్చుని ఎవరిదో నవల ముందు పెట్టుకుని ఎర్ర పెన్ను మూత కూడా తీయలేకపోయింది.

అన్నయ్య బతికాడు. దవడకి తీగలు వేసి కట్టారు, కుడి చెవి వినబడదన్నారు. ఆయన కళ్లు తెరిచాడని తెలిసిన రోజు కూతురు చెప్పులేసుకుంది. తల్లి వెనకే వెళ్లి వార్డు గుమ్మంలో ఆగింది.

"తాతగారూ, పడ్డాక కూడా కొట్టాను," అంది ఆ పిల్ల, ఆయన మంచం పక్కన నిలబడి. "కావాలనే కొట్టాను."

ఆయన పళ్ల మధ్యనుంచి మాట కూడదీసుకున్నాడు. "నాకేం గుర్తులేదు. జారాను. పోలీసులతో అదే చెప్పాను."

"అబద్ధం."

"అబద్ధమే." చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "నేనూ ఆగలేదమ్మా అప్పుడు. నన్నెవరూ అడగలేదు. ఒక్కళ్లడిగినా చెప్పేసి నిమ్మళంగా పడుకునేవాణ్ని." కళ్లు గుమ్మం వైపు తిరిగాయి. "మీ అమ్మ చెయ్యెలా ఉంది?"

కూతురు ఏడ్చింది. ఆసుపత్రి మెట్లు దిగుతుండగా తల్లి దాని మణికట్టు పట్టుకుంది.

"స్టేషనుకి వెళ్దామా?"

"నువ్వూ వస్తావా?"

"ముందు అబద్ధం చెప్పింది నేను. నేనే ముందు మాట్లాడతాను."

ఎస్సై తల పట్టుకున్నాడు. ముగ్గురు పెద్దవాళ్లు జారాడంటే, జారలేదని ఒక పిల్ల వచ్చి కూర్చుంది. కేసు పిల్లల కోర్టుకి వెళ్లింది. తల్లిని కాపాడుకోబోయి చెయ్యి దాటిందని మేజిస్ట్రేటు అర్థం చేసుకుంది. కొన్నాళ్లు కౌన్సెలింగుకి వెళ్లమని, మళ్లీ ఇలాంటిది వినబడితే ఊరుకోనని చెప్పి పంపేసింది. ఆ రోజు కోర్టు వరండాలో నిలబడ్డ మందుల షాపాయన కూతురికి తన భుజం మీది మచ్చ చూపించి ఏదో చెప్పాడు. ఏం చెప్పాడో తల్లి అడగలేదు.

నిజం బయటికొస్తే సగమే రాదు కదా. గొట్టం సంగతీ వచ్చింది. అన్నయ్యకి జైలు పడింది. ఏడో అధ్యాయం గురించి కూడా అడిగారు. మాస్టారు "అది కథ, కల్పించి రాశాను" అన్నాడు. తల్లి ఎప్పుడో పోయింది, మిగిలిన సాక్షి ఆయనొక్కడే కాబట్టి పాత సంగతి అక్కడితో ఆగింది. తన చేతి మీదుగా అచ్చయిన పుస్తకంలో అన్నిటికంటే నిజమైన పేజీలని ఆయన కల్పన అంటుంటే ఆమె తల వంచుకుంది. రెండో ముద్రణకి ఆఫీసు యజమాని తొందరపెడితే, ఆ అధ్యాయం సంగతి మాస్టారే తేల్చాలని చెప్పింది. మాస్టారు ఏమీ తేల్చలేదు. అసలు ఆమెతో మాట్లాడనేలేదు. అన్నయ్యని జైలుకి పంపింది నువ్వేనని ఒకసారి ఫోన్లో అని పెట్టేశాడు.

చాలా నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన కుంటుకుంటూ మూడంతస్తులూ ఎక్కి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు.

"జైల్లో అన్నయ్యకి వెల్డింగు షెడ్డు అప్పజెప్పారు. కుర్రాళ్లకి నేర్పుతున్నాడట. నిన్న మనవరాలు వెళ్లి చూసొచ్చింది. అడిగినదానికి జవాబు చెప్పేశాడట."

"ఏం చెప్పారు?"

"అవును, చంపేశానని. ఎందుకో కూడా చెప్పాడట. విని, ఆ పిల్ల వాడి ఒళ్లో కూర్చుందట."

ఆమె ఎర్ర పెన్నుకి మూత పెట్టింది. "నా మీద కోపం పోయిందా మాస్టారూ?"

"పోలేదు."

"మరి ఎందుకొచ్చారు?"

"కోపం ఉంటే టీ తాగకూడదా మేడం?"

ఆమె లేచి ప్రూఫుల కట్ట పక్కకి పెట్టింది. ఇద్దరూ మెల్లగా మెట్లు దిగారు, ఆయన మోకాలి వల్ల ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతూ. కింద కొట్టు దగ్గర జనం ఉన్నారు. ఆమె చెయ్యి ఇంకా సరిగా వంగడం లేదని గ్లాసులు రెండూ ఆయనే పట్టుకొచ్చాడు.