నేను మధ్యలో ఆపిన సినిమాలు

కొత్త జిల్లాలు ఏర్పడిన తర్వాతి మాట. నా భార్యకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు నల్లగొండకు పోయేవాళ్లం. మా ఊరి నుంచి ముప్పై ఒక్క కిలోమీటర్లు. ఆమె చేతికి రెండు సూదులు గుచ్చి, నెత్తురును నాలుగు గంటలపాటు మిషన్‌లో తిప్పి శుభ్రం చేసేవారు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చునేవాణ్ణి.

నేను చదివింది ఏడో తరగతి. లెక్కలు మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. అన్నదమ్ములు పొలం పంచుకుంటుంటే ఎవరికి ఎన్ని గుంటలో తేల్చడానికి ఊళ్లో నన్నే పిలుస్తారు. కొలిస్తే గానీ దేన్నీ నమ్మని మనిషిని.

ఆ వార్డులో గోడకు ఒక టీవీ ఉండేది. ఒకరోజు అందులో పెద్ద జబ్బు చేసిన ఆడమనిషి కథ వచ్చింది. నా భార్య కళ్లార్పకుండా చూసింది. డాక్టరు ఆ మనిషికి ఆరు నెలలే గడువని చెప్పేసరికి మా నాలుగు గంటలు అయిపోయాయి. బస్సులో ఆమె, తనలాంటి వాళ్లున్న సినిమాలే కావాలని, ఎక్కడైనా సంపాదించమని అడిగింది.

సెల్‌ఫోన్ దుకాణంలో అడిగి మెమరీ కార్డులో వేయించుకొచ్చాను. అయితే వార్డులో ఆమెకు చూపించే ముందు ఇంట్లో నేనొక్కణ్ణే చూసి, ఒక కాగితం మీద రాసుకునేవాణ్ణి. ఎన్నో నిమిషంలో కళ్లు తిరిగి పడిపోయింది, ఎన్నో నిమిషంలో డాక్టరు చెప్పాడు, ఎన్నో నిమిషంలో ప్రాణం పోయింది. ఐదు నెలల్లో పదకొండు సినిమాలు చూశాను. రెండింటిలో మనిషి బతికింది. ఆ రెండూ ఆమెకు పూర్తిగా చూపించాను. తక్కిన తొమ్మిదింటిని చావుకు పది నిమిషాల ముందే ఆపేవాణ్ణి. ఛార్జింగు అయిపోయిందని ఒకసారి, ఫైలు అంతవరకే ఎక్కిందని ఒకసారి చెప్పేవాణ్ణి. ఆమె ఎదురు చెప్పేది కాదు. సినిమా నడిచినంతసేపూ తప్పులు వెతికేది. ఇంత జబ్బులో కాటుక చెదరలేదే అనేది. ఒక్కసారైనా వాంతి చేసుకోదేమని అడిగేది.

ఎందుకు ఆపానో చెప్పాలి. ఇంట్లో ఆమె రెండు మూడుసార్లు "నేను పోయినంక" అని ఏదో చెప్పబోయింది. ఆ మాట వినగానే నేను లేచి మేకల దగ్గరికి పోయేవాణ్ణి. సినిమా చివరిదాకా చూస్తే ఆ మాట మళ్లీ ఎత్తుతుందని నా భయం. ఎత్తకపోతే ఆమె పోయే రోజు కూడా రాదని, లెక్కలు తెలిసిన నేనే నమ్మాను.

పక్క మంచానికి హుజూర్‌నగర్ దిక్కు నుంచి ఒక అవ్వ వచ్చేది. ఆమెదీ అదే జబ్బు. ఇంట్లో ఉన్నంతసేపూ టీవీలో సినిమాలు చూస్తూనే ఉండే మనిషి. నేను టీకి పోయినప్పుడు వాళ్లిద్దరూ గుసగుసగా మాట్లాడుకునేవారు. నేను గుమ్మంలో కనబడగానే అవ్వ, "అగో, గడియారం వచ్చింది బిడ్డా," అని మాట ఆపేది. ఇద్దరూ నవ్వేవారు.

ఒక సోమవారం ఆ మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. నర్సును పక్కకు పిలిచి అడిగితే, అవ్వ శనివారమే పోయిందని చెప్పింది. నా భార్యతో మాత్రం, అవ్వకు రోజులు మార్చారట అన్నాను. పన్నెండో సినిమా పెట్టి ఫోను ఆమె చేతికిచ్చాను. నూట పద్దెనిమిదో నిమిషంలో దాన్ని తీసుకోబోయాను. ఆమె ఇవ్వలేదు.

"అవ్వ సచ్చిపోయింది గదా. నీ మొఖం జూస్తెనే ఎరుకైంది," అంది. "నువ్వు ఆపినకాడికెల్లి అవ్వనే చెప్పేది నాకు. తొమ్మిదింటి కతా ఎరుకే. ఇగ చెప్పేటోళ్లు లేరు. జూడనియ్యి."

తొమ్మిదని ఆమె కూడా లెక్కపెట్టుకుందన్నమాట. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. సినిమాలో ఆ మనిషి పోయింది. భర్త వానలో తడుస్తూ ఏడ్చాడు. ఆ తర్వాత నాలుగు నిమిషాలకు అయిపోయింది.

"గంతేనా? తెల్లారి ఏం జేసిండు?" అని అడిగింది.

చూపించలేదన్నాను.

"మూడోనాడు?"

అదీ లేదన్నాను.

"గందుకే జూస్తున్న ఇన్ని సినిమాలు. ఒక్కదాంట్ల గూడ పిట్టకు పెట్టుడు సూపియ్యరు."

మా దగ్గర మనిషి పోయిన మూడోనాడు, వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి బొందలగడ్డకు, అంటే శ్మశానానికి, తీసుకుపోయి ఆకులో పెడతాం. పిట్ట వచ్చి ముడితే పోయినవాళ్లు తిన్నట్టే. ముట్టకపోతే ఏదో ఆశ మిగిలిపోయిందని అందరూ కుమిలిపోతారు. ఆమె ఇన్నాళ్లూ చెప్పాలనుకున్నది అదే.

"చెప్పు," అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి నాకు ఐదు నెలలు పట్టింది.

"చింతకాయ తొక్కు. మేక కూర. సీసెడు కల్లు. నీళ్లు పెద్ద చెంబుల నిండ పొయ్యి." ఫోను నా చేతికిచ్చింది. "అప్పుడు గూడ నువ్వు ఉప్పు చెంచతోని కొలుస్తవేమోనని నా ఫికర్."

అవన్నీ డాక్టరు వద్దన్నవి, నేను పెట్టనివి. ఉప్పు కూడా ఆయన చెప్పినంతే చెంచాతో కొలిచి వేసేవాణ్ణి. నవ్వుదామనుకున్నాను, చేతకాలేదు. ఇంతలో నర్సు సూదులు తీయడానికి వచ్చింది. నెత్తురు ఆగేదాకా ఆమె చేతిమీద దూది అదిమి పట్టుకుని కూర్చున్నాను. ఇంకా ఏమన్నా ఉంటే చెప్పమన్నాను. ఇంతే అంది.

వానలు మొదలైన కొత్తలో ఆమె పోయింది. మూడోనాడు పొద్దున మరదలు పొయ్యి ముందు కూర్చుని, "అక్కకేం వండాలె బావా?" అని అడిగింది. చుట్టాలంతా నా వైపు చూశారు. నేను వరసగా చెప్పాను. కూర ఉడుకుతుంటే ఉప్పు ఎంత వేయాలని అడిగింది. నాకు తెలియదు. బాగున్న రోజుల్లో ఆమె చేత్తోనే వేసేది. ఎంత వేసేదో నేనెప్పుడూ చూడలేదు.

"నీ చేతికి ఎంతొస్తె గంత," అన్నాను.

కాకి తొందరగానే దిగింది. కూర ముట్టింది, తొక్కు ముట్టింది. అందరూ తేలికపడి కాళ్లు కడుక్కోవడానికి బోరు దగ్గరికి నడిచారు. ఆమె చెప్పినవాటిలో ఏదైనా మరిచానేమోనని నేను మరొకసారి ఆకు వైపు చూసుకున్నాను. ఏదీ మరవలేదు.